పక్కింటి పొగాకు బ్యారన్ పొగ రాత్రంతా ఇంట్లోకే, నాన్నకి ఆయాసం. గొడవ లేకుండా ఏం చెయ్యొచ్చు?

కొండపి కుర్రాడు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మాది ప్రకాశం జిల్లా, కొండపి దగ్గర ఒక పల్లె. ఉద్యోగం బెంగళూరులో. సంక్రాంతికి వచ్చి నాన్న పరిస్థితి చూశాక వెనక్కి వెళ్ళబుద్ధి కాలేదు. మేనేజరుని బతిమాలి ఇంటి నుంచే పని చేస్తున్నాను.

నాన్నకి డెబ్భై దాటాయి. కొంతకాలంగా ఆయాసం. ఒంగోలులో ఊదే పరీక్ష చేయించి సీఓపీడీ (ఊపిరితిత్తుల్లో గాలి దారులు ఇరుకైపోయే జబ్బు) అన్నారు. డాక్టరు గారు మొట్టమొదట అడిగింది, "చుట్టా, బీడీనా?" అని. నాన్న జన్మలో ముట్టలేదు. జీవితమంతా పొగాకు పండించాడు, బ్యారన్ (పొయ్యి వేడితో ఆకు ఎండబెట్టే కట్టడం) కాల్చాడు, అంతే. మోకాళ్ళ నొప్పులొచ్చాక లైసెన్సు వదిలేసి శనగ వేసుకుంటున్నాం.

ఇప్పుడు సమస్య మా బ్యారన్ కాదు, పెదనాన్నది. నాన్నకి వరసకి అన్న. మా ఇంటికీ ఆయన బ్యారన్‌కీ మధ్య ప్రహరీ గోడ, ఒక వేపచెట్టు, అంతే దూరం. జనవరిలో మొదలుపెడితే మార్చి చివరి దాకా ఒక విడత ఆకు దించగానే ఇంకో విడత ఎక్కిస్తారు. మధ్యాహ్నం సముద్రపు గాలి తిరిగినప్పుడు పొగ ఎటో పోతుంది, అసలు తెలియదు. రాత్రి పది దాటిందంటే మొదలు. తెల్లవారుజామున తలుపు తీస్తే మంచేదో పొగేదో తెలియదు, వీధి లైటు చుట్టూ పచ్చటి ముద్దలా కనిపిస్తుంది. దుప్పట్లకీ దిండ్లకీ ఒకటే వాసన. గాలి కొలిచే చిన్న మీటరు ఒకటి ఆన్‌లైన్‌లో తెప్పించాను. పీఎం 2.5 (గాలిలో కంటికి కనపడని సన్నటి ధూళి) పగలు 40, 50 మధ్య ఉంటుంది. రాత్రి రెండు గంటలకి నాన్న గదిలో 300 దాటుతోంది. ఆ టైముకే ఆయన లేచి మంచం పట్టె పట్టుకుని కూర్చుంటాడు.

పెదనాన్నతో గొడవ పెట్టుకునే ఉద్దేశం లేదు. నన్ను స్కూలుకి సైకిల్ మీద దింపిన మనిషి. ఆయనకీ అప్పులున్నాయి, ఆకు కాల్చకపోతే ఆ ఇల్లు గడవదు. అడిగితే "ఏం రా, మీ నాన్న కాల్చిన రోజుల్లో పొగ రాలేదా?" అంటాడు. దానికి నా దగ్గర సమాధానం లేదు.

గాలి శుభ్రం చేసే మిషన్ కొంటే పనికొస్తుందా? ఎక్కడైనా చెప్పుకోవాలంటే ఎక్కడ? లేదా బ్యారన్‌లోనే ఏమైనా మార్చితే పొగ తగ్గుతుందా? అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

---

నిప్పురవ్వ

చాలా మెత్తగా ఉన్నారు సార్ మీరు. పెదనాన్న అయితే ఏంటి, ఊపిరి మీ నాన్నది. పదిమందికి ఇబ్బంది పెట్టే పొగ, దుర్వాసన లాంటివి ఆపించమని ఆర్డీవో దగ్గర అర్జీ పెట్టుకోవచ్చు. పాత నేర విచారణ చట్టం సీఆర్‌పీసీలో 133వ సెక్షను, 2024 జూలై నుంచి దాని బదులు వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్‌లో 152. ముందు నోటీసు ఇస్తారు, అవతలి మనిషి మాట వింటారు, తర్వాతే ఉత్తర్వు. ఒక్క అర్జీ పడితే దారికొస్తారు.

అసలు ఆ పంటే దరిద్రం. పండించినోడికి అప్పు, కాల్చినోడికి ఆయాసం, తాగినోడికి క్యాన్సర్. చెట్లన్నీ నరికి పొయ్యిలో పెట్టడం ఒకటి. మొత్తం ఆపేస్తే పీడా పోతుంది.

---

ఊదుడు పరీక్ష

ఊపిరితిత్తుల విభాగంలో టెక్నీషియన్‌ని. రోజంతా "గట్టిగా పీల్చండి, ఊదండి ఊదండి ఊదండి" అని అరవడమే నా ఉద్యోగం. డాక్టరుని కాను కాబట్టి మందుల జోలికి పోను.

పొగ తాగని మనిషికి సీఓపీడీ రావడం వింతేమీ కాదు. మా దగ్గరికి వచ్చే ఆడవాళ్ళలో ఎక్కువమంది అలాంటివాళ్ళే. కట్టెల పొయ్యి దగ్గర ముప్ఫై, నలభై ఏళ్ళు కూర్చున్నవాళ్ళు. బ్యారన్ కాల్చినవాళ్ళు ఆ కోవలోకే వస్తారు.

మీ మీటరు అంకె సంగతి. 24 గంటల సగటు 15 మైక్రోగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది. మన దేశపు ప్రమాణం 60. మన ప్రమాణంతో చూస్తే మీకు పగలు ఫరవాలేదు, రాత్రి ఘోరం. అది నిద్రపోయే గది కావడం ఇంకా ఘోరం. చౌక మీటర్లు మంచు, తేమ ఉన్నప్పుడు కాస్త ఎక్కువ చూపిస్తాయి. అందుకని 300 అన్నది ఖచ్చితమైన అంకెగా తీసుకోకండి. కానీ నలభై నుంచి అంతకి ఎగబాకడం తేమ వల్ల మాత్రమే జరగదు.

మిషన్ కొనండి. హెపా ఫిల్టర్ ఉన్నది, ఆ గది కొలతకి సరిపడేది. హాల్లో పెట్టి తలుపులన్నీ తీస్తే కరెంటు దండగ. నాన్నగారి గదిలో పెట్టి, రాత్రి ఎనిమిదికే కిటికీలు మూసి, పెంకుల సందులు, తలుపు కింద సందు గుడ్డతో కప్పండి. పొడి రేణువుల్ని పట్టుకుంటుంది గానీ వాసనని, వాయువుల్ని పెద్దగా పట్టదు, కాబట్టి వాసన పోలేదని తీసేయకండి. ఇంకోటి, ఆయన పొద్దున్నే ఐదుకి నడకకి వెళ్తుంటే మానిపించి తొమ్మిదికి పంపండి. చలికాలం రాత్రి నేల చల్లబడి, దాని పక్కనున్న గాలీ చల్లబడి కిందే ఉండిపోతుంది. పైన వెచ్చటి గాలి మూతలా ఉంటుంది. పొగ ఆ మూత కిందే తిరుగుతుంది. ఎండ పడ్డాక గానీ లేవదు.

రోజూ పీల్చే ఇన్‌హేలర్ రోజూ పీల్చాలి. బాగున్న రోజు మానేసి, ఆయాసం వచ్చిన రోజు పీలుస్తామంటే కుదరదు. ఫ్లూ టీకా, న్యుమోనియా టీకా గురించి మీ డాక్టరుని అడగండి.

చివరగా ఒక ప్రశ్న. మీ ఇంట్లో స్నానానికి వేన్నీళ్ళు దేని మీద కాస్తున్నారు?

---

కొండపి కుర్రాడు

థాంక్యూ అండీ. వేన్నీళ్ళు పెరట్లో కాగు కింద, కంది కట్టెతో. అమ్మ నాలుగున్నరకి వెలిగిస్తుంది. వంట గ్యాసు మీదే, నీళ్ళకి మాత్రం గ్యాసు తగలెయ్యడం అమ్మకి ఇష్టం ఉండదు. ఆ కాగు నాన్న గది కిటికీ కిందే ఉందని మీరు అడిగాక చూశాను.

@నిప్పురవ్వ, అర్జీ దాకా వెళ్ళాలని లేదండీ. వెళ్తే ఈ సీజనుకి పొగ ఆగుతుందేమో గానీ రెండిళ్ళ మధ్య రాకపోకలూ ఆగుతాయి. నాన్న రెండోదాన్ని తట్టుకోలేడు.

---

బ్యారన్ అక్క

తమ్ముడూ, నేను బ్యారన్ కాల్చేదాన్నే. టంగుటూరు వైపు. మా ఆయన పోయాక లైసెన్సు నా పేరు మీదికి మార్చుకుని నేనే చూసుకుంటున్నా. ఆకు రెలిపించడం (కోయించడం), అల్లించడం, కాల్చడం, బేలు కట్టి వేలానికి తోలడం వరకు. కాబట్టి ఈ సంగతి నాకు వదిలెయ్యి.

ముందు ఒక మాట. మీ పెదనాన్నతో పొగ గురించి మాట్లాడకు. కట్టె గురించి మాట్లాడు. పొగ అంటే ఆయనకి అది నీ బాధ. కట్టె అంటే ఆయన డబ్బు. అసలు ఆ రెండూ ఒకటే.

ఇది తెలియనివాళ్ళ కోసం కొంచెం చెప్తా. వర్జీనియా ఆకుని పొగతో ఎండబెట్టరు. పేరు పొగాకు గానీ ఆకుకి పొగ తగలకూడదు, తగిలితే గ్రేడు పోయినట్టే. బయట పొయ్యిలో కట్టె కాలుస్తాం, ఆ వేడి లోపల రేకు గొట్టాల్లో తిరిగి, పొగ చివరికి పొగగొట్టంలోంచి బయటికి పోతుంది. లోపల ఆకుకి తగిలేది గొట్టాల వేడే. అంటే పొగంతా ఊరి మీదికే, ఆకుని మాత్రం దాన్నుంచి కాపాడుకుంటాం. మనుషుల సంగతి ఎవరూ అడగలేదు, మేమూ ఆలోచించలేదు.

ఒక బ్యారన్ దిగడానికి ఐదారు రోజులు పడుతుంది. అన్ని రోజులూ పొగ ఒకేలా ఉండదు. ఆకు ఎక్కించిన మొదటి రోజున్నర, రెండు రోజులు ఆకు పసుపు తిరగాలి. అప్పుడు లోపల 90, 100 డిగ్రీలు (ఫారన్‌హీట్ లెక్క, మా తర్మామీటర్లు అన్నీ అవే) దాటకూడదు. మంట గట్టిగా పెడితే ఆకు పచ్చిగానే ఎండిపోతుంది, ఎవడూ కొనడు. అందుకని మంటని నొక్కిపెడతాం. పెద్ద మొద్దు ఒకటి తోసి, గాలి పోయే దారి మూసేస్తే అది రాత్రంతా రగులుతూ ఉంటుంది. కాలదు, రగులుతుంది. నీ వీధి లైటు చుట్టూ కనిపించే పచ్చ ముద్ద అదే. తర్వాత రంగు కట్టి, ఆకు ఎండి, చివర ఈనె ఎండే దశకి 160 దాకా తీసుకెళ్తాం. అప్పుడు పొయ్యి గుర్రుమంటుంది, కట్టె ఎక్కువ తింటుంది, కానీ పొగగొట్టం మీద చూస్తే వేడికి గాలి వణకడం తప్ప పొగ కనపడదు. నువ్వు మీటరు పెట్టుకున్నావు కదా, వాళ్ళు ఏ రోజు ఆకు ఎక్కించారో పక్కన రాసి చూడు. నా మాట నిజమో కాదో నీకే తెలుస్తుంది.

కట్టె కాలడం అంటే ఏంటి? వేడికి కట్టెలోంచి ముందు ఆవిరి, తర్వాత మండే వాయువులు బయటికొస్తాయి. మంట వేడిగా ఉండి గాలి అందితే ఆ వాయువులు అక్కడే మండుతాయి. పచ్చికట్టె అయితే వేడిలో కొంత నీళ్ళని ఆవిరి చెయ్యడానికే పోతుంది, మంట చల్లబడుతుంది, ఆ వాయువులు మండకుండానే గొట్టంలోంచి బయటికి పోతాయి. అదే పొగ. కొంత గొట్టాల్లో తారులా అంటుకుంటుంది, కొంత మీ నాన్న గదికి వస్తుంది. అంటే మీ పెదనాన్న డబ్బులిచ్చి కొన్న కట్టెలో కొంత మీ ఇంటికి ఊరికే పంపిస్తున్నాడు.

మా వైపు ఎక్కువగా సుబాబుల్, సరుగుడు, జామాయిల్. సుబాబుల్‌ని కాగితం మిల్లులవాళ్ళు కూడా కొంటారు కాబట్టి రేటు వాళ్ళ చేతిలో ఉంటుంది. ఇప్పుడు నరికింది ఇప్పుడే లారీలో దింపుతారు. జనవరిలో కట్టె కొని జనవరిలో కాల్చేవాడు ఏం కొంటున్నట్టు? పచ్చి సుబాబుల్ బరువులో దాదాపు సగం నీళ్ళే. కాటా మీద టన్ను తూగితే అందులో పది బస్తాల మేర నీళ్ళకి డబ్బులు కట్టినట్టు. ఈ ఒక్క మాట చెప్పు పెదనాన్నకి. ఆరోగ్యం, పర్యావరణం అనకు, పొయ్యి ముందు కూర్చుని నిద్రకి కళ్ళు మూతపడే మనిషికి అవి చెవికెక్కవు.

నేను చేసేది: ఎండాకాలం చివర్లో కట్టె కొనేస్తా. అప్పుడు కొనేవాళ్ళు తక్కువ, బేరం కుదురుతుంది. వచ్చినప్పుడే చీల్పించి, కింద రాళ్ళు వేసి వాటి మీద పేర్పిస్తా. పైన మాత్రమే పట్టా, పక్కలు తెరిచే ఉంచాలి. చాలామంది మొత్తం చుట్టూ కప్పేస్తారు, లోపల ఉక్కకి బూజు పడుతుంది. అక్టోబరు, నవంబరు వానలు మనకి గట్టివి, అందుకే నేల మీద పడెయ్యకూడదు. ఎండిందో లేదో చూడటానికి రెండు ముక్కలు ఒకదానికొకటి కొట్టు. ఎండితే టంగుమంటుంది, పచ్చిదైతే దబ్బుమంటుంది. కోసిన చివర్లలో బీటలు కూడా కనపడాలి.

ఇంకొన్ని ఉన్నాయి. బ్యారన్ తలుపు సందులు, గోడ పగుళ్ళు మట్టితో పూడ్చాలి. కప్పు కింద నుంచి వేడి పోకుండా పైన వరిగడ్డి మందంగా పరిపించాను నేను. గడ్డి కాబట్టి నిప్పు భయం ఉంది, ఏటా కొత్తది వెయ్యాలి, గొట్టం దగ్గర్లో అస్సలు ఉండకూడదు. వేడి ఎంత నిలిస్తే కట్టె అంత తగ్గుతుంది. మామూలుగా కిలో ఎండిన ఆకుకి నాలుగైదు కిలోల కట్టె పడుతుందని లెక్క. అంటే టన్ను ఆకుకి నాలుగైదు టన్నులు. నువ్వే చూడు, అందులో కొంచెం తగ్గినా ఎంత మిగులుతుందో. పొయ్యిలో కింద ఇనుప ఊచలు వేయించి గాలి అడుగు నుంచి వచ్చేట్టు చేస్తే ఇంకా నయం. బూడిద మీదే మళ్ళీ కట్టె వేసే పొయ్యి ఎప్పుడూ పొగే.

పొగగొట్టం ఎత్తు పెంచమని కొందరు సలహా ఇస్తారు. లాగుడు బాగుంటుంది, పొగ నీ కిటికీకి కాకుండా పైకి పోతుంది, నిజమే. కానీ వేడి కూడా దాంతోపాటే లాగేసుకుంటుంది, కాబట్టి గొట్టంలో రేకు మూత ఒకటి ఉండాలి, దాన్ని సరిగ్గా తిప్పే మనిషి ఉండాలి. పైగా నీకు తగ్గింది ఇంకొకరికి పోతుంది. ముందు కట్టె సంగతి చూసుకో.

అసలు కష్టం నీకు చెప్పాలి, లేకపోతే పెదనాన్న నిన్ను నవ్వి పంపేస్తాడు. మొద్దు ఎందుకు వేస్తారంటే నిద్ర కోసం. చిన్న ముక్కలైతే గంటకోసారి లేచి వెయ్యాలి. కాల్చే మనిషికి రాత్రి కూలి వేరే. ఇద్దరు మనుషుల్ని పెట్టుకునే స్తోమత అందరికీ ఉండదు. నేనూ మా తమ్ముడూ వంతులేసుకుంటాం. నీకు రాత్రిళ్ళు ఎలాగూ నిద్ర లేదంటున్నావు కదా, మొదటి రెండు రాత్రులు వెళ్ళి పెదనాన్న పక్కన కూర్చో. కట్టె నువ్వే వెయ్యి. ఇది సరదాకి చెప్పడం లేదు.

@నిప్పురవ్వ గారూ, పంట ఆపెయ్యమని రాశారు. పొగాకు బోర్డు ఇచ్చిన లైసెన్సు, బ్యాంకు అప్పు, బ్యారన్ కట్టడానికి పెట్టిన ఖర్చు, ఇవన్నీ ఉన్న మనిషికి "ఆపెయ్" అనడం తేలిక. మా తేలిక నేలల్లో, ఈ వానలకి, రొక్కం వెంటనే చేతికిచ్చే పంట ఇంకోటి చూపించండి, రేపే దున్నేస్తా. శనగ వేశాను, రేటు పడిపోయిన ఏడాది కోత కూలి కూడా రాలేదు. చెట్ల సంగతి మాత్రం మీరన్నది నిజం, దానికి నా దగ్గర వాదన లేదు.

---

దేవరపల్లి దారి

మాది మెట్ట ప్రాంతం, జంగారెడ్డిగూడెం వైపు. మాకు సుబాబుల్ కంటే జామాయిల్, జీడిమామిడి, ముసలి మామిడి తోటల కట్టె ఎక్కువ. అక్క చెప్పినదాంట్లో తొంభై పాళ్ళు ఒప్పుకుంటా. ఒక్కటి కలుపుతా.

బ్రికెట్లు. వేరుశనగ తొక్కలు, రంపపు పొట్టు గట్టిగా నొక్కి చేసిన దిమ్మలు. తేమ తక్కువ, మంట సమంగా ఉంటుంది, పొగ బాగా తగ్గింది. అయితే వానకో మంచుకో తడిస్తే పిండయిపోతాయి, పొయ్యికి ఊచలు లేకపోతే బూడిదలో కూరుకుపోతాయి. నా పొయ్యికి ఊచలు లేకుండానే మొదట వేసి కంపెనీవాణ్ణి తిట్టుకున్నాను. పైగా రవాణా. బ్రికెట్ల మిల్లు దగ్గరగా ఉంటేనే గిట్టుబాటు. మొత్తం మార్చకుండా, పసుపు తిరిగే ఆ మొదటి రెండు రోజులకి మాత్రం బ్రికెట్లు వాడి, తర్వాత కట్టె వేసుకోవచ్చు. అక్క చెప్పిన పొగ ఎక్కువ వచ్చే రోజులు అవే కదా.

కంది కట్టె, పత్తి కట్టె బ్యారన్‌లో వెయ్యొద్దు. భగ్గున మండి ఆరిపోతాయి, వేడి ఎక్కీ దిగీ ఆకు పాడవుతుంది. పైగా రవ్వలు లేస్తాయి. గొట్టం మీద ఒక్క ఆకు రాలినా చాలు బ్యారన్ అంటుకోవడానికి, రవ్వలు కూడా తోడైతే చెప్పక్కర్లేదు.

---

కొండపి కుర్రాడు

అక్కా, మీరు చెప్పినట్టే మీటరు లెక్కలు వాళ్ళు ఆకు ఎక్కించిన రోజులతో కలిపి చూశాను. సరిగ్గా అలాగే ఉంది. ఎక్కించిన మొదటి రెండు రాత్రులు 250, 300. నాలుగో రాత్రికి 80కి దిగింది. పొయ్యి గుర్రుమనే రోజు నాన్న హాయిగా పడుకున్నాడు, మాకు ఆ తేడా ఎందుకో ఇంతకాలం అర్థం కాలేదు.

ఇంజినీరు బుద్ధి కదా, కట్టె లెక్క కూడా వేశాను. పూర్తిగా ఎండిన కిలో కట్టెలో దాదాపు 5 యూనిట్ల వేడి ఉంటుంది (కరెంటు యూనిట్ల లెక్కలో). కిలో నీళ్ళని ఆవిరి చెయ్యడానికి సుమారు 0.7 యూనిట్. సగం నీళ్ళున్న పచ్చికట్టె కిలోకి చేతికొచ్చేది 2.1 యూనిట్లు. ఇరవై శాతం తేమ దాకా ఎండిన కిలోకి 3.9. అంటే కాటా మీద ఒకే బరువు, వేడి మాత్రం దాదాపు రెట్టింపు. ఇది అంతా సక్రమంగా మండితే. పొగై పోయేది ఇందులో కలపలేదు.

పెదనాన్న దగ్గరికి కాగితం పట్టుకెళ్ళలేదు. ఆయన కట్టెల కుప్పలోంచి ఒక ముక్క తీసుకుని కాటా మీద తూచి, మా మేడ మీద ఎండలో పెట్టాను. ఆయన కంటి ముందే తూచాను కాబట్టి అడ్డం చెప్పలేడు. వారం తర్వాత మళ్ళీ తూస్తానని చెబితే "దాన్నేం చేస్తావు రా, సంతకి తీసుకెళ్ళి అమ్ముతావా" అన్నాడు గానీ, మర్నాడు మేడ ఎక్కి చూసి వెళ్ళాడని అమ్మ చెప్పింది.

ఇక్కడ చిక్కు. ఈ సీజనుకి కట్టె ఇప్పటికే దిగిపోయింది, పచ్చిదే. ఇప్పటికిప్పుడు ఏమైనా చెయ్యొచ్చా?

అమ్మ కాగు మార్చేశాం. పెరటి అవతలి మూలకి. గ్యాసు ఒప్పుకోలేదు, గీజరు పెడతానంటే కరెంటు బిల్లు అంది. మూలకి జరపడానికి మాత్రం ఒప్పుకుంది.

---

ఊదుడు పరీక్ష

కాగు జరపడం మంచి పని. బ్యారన్ పొగ ఎంతున్నా, కిటికీ కింద మంట అంతకంటే దగ్గర. వీలైతే నాన్నగారికి ఒక్కరికైనా నీళ్ళు గ్యాసు మీద కాచి ఇవ్వండి. అమ్మగారు కూడా ఆ పొగ ముందు కూర్చునేవాళ్ళే, ఒంగోలు వెళ్ళినప్పుడు ఆమెకీ ఊదే పరీక్ష చేయించండి. "నాకేం, నేను బాగానే ఉన్నా" అంటారు, అందరూ అలాగే అంటారు.

మీరు రాత్రి బ్యారన్ దగ్గర కూర్చుంటానంటే ఎన్95 మాస్కు పెట్టుకోండి, ముక్కు దగ్గర బిగుతుగా. తువ్వాలు కట్టుకుంటే మెడకి వెచ్చగా ఉంటుంది తప్ప పొగ ఆగదు. నాన్నగారికి ఎన్95 పెట్టే ముందు డాక్టరుని అడగండి, ఆయాసం ఎక్కువున్నవాళ్ళకి అందులోంచి పీల్చడమే కష్టమవుతుంది.

---

బ్యారన్ అక్క

కాటా ఆలోచన నాకు రానే లేదు, బాగుంది తమ్ముడూ.

ఈ సీజనుకి చెప్తా విను. ఉన్న కుప్పలో సన్నవి, లావువి వేరు చేయించు. లావు మొద్దులు, వేళ్ళ బొడ్డెలు చివరి దశకి ఉంచమను. అప్పుడు పొయ్యి మండుతూ ఉంటుంది కాబట్టి కాస్త పచ్చివైనా లాగేస్తుంది. సన్నవి చీల్చి ఎండలో పరిపించు, రెండు మూడు వారాలకే తేడా తెలుస్తుంది. అవి మొదటి రెండు రోజులకి. ఇంకో పని, రేపు వెయ్యబోయే కట్టెని ఇవాళ పొయ్యి పక్కన గోడకి ఆనించి పెట్టుకోవచ్చు, ఆ వేడికే ఆరుతుంది. మరీ పొయ్యి నోటి దగ్గర వద్దు, నిప్పు అంటుకుంటే ఊరంతా లేవాలి. ఆకు ఒక్కటే కాదు, బ్యారనే పోతుంది.

పొయ్యి గొట్టాల్లో తారు పేరుకుని ఉంటుంది, దించిన ప్రతిసారీ కొట్టి శుభ్రం చెయ్యమను. గొట్టం మూసుకుపోతే లాగుడు ఉండదు, పొగ పొయ్యి నోట్లోంచే బయటికొస్తుంది. మా బాబాయి ఒకాయన మూడేళ్ళు కట్టెని తిట్టాడు, చూస్తే పొగగొట్టంలో పిచ్చుక గూడు.

---

నిప్పురవ్వ

అక్కా, మీ పంట మీద నా అభిప్రాయం మారలేదు. కానీ మీ రాత బాగుంది. శనగకి రేటు రాని ఏడాది గురించి చెప్పారు, కందికి మారినవాళ్ళు ఎవరైనా ఉన్నారా మీ వైపు? అడగడానికే అడుగుతున్నా, వాదనకి కాదు.

---

బ్యారన్ అక్క

ఉన్నారు. కంది, మినుము, కొంతమంది జామాయిల్ తోటలే వేసి కట్టె అమ్ముకుంటున్నారు. వాళ్ళ కట్టె మేమే కొంటున్నాం అనుకోండి. ఇది వేరే పోస్టులో మాట్లాడుకుందాం, ఈ అబ్బాయి పెదనాన్న ఇవాళ రాత్రి ఆకు ఎక్కిస్తున్నారట.

---

కొండపి కుర్రాడు

అవునక్కా, ఎక్కించేశారు. ముక్క వారంలో బాగానే తగ్గింది. ఎంత తగ్గిందో పెదనాన్నే చదివాడు కాటా మీద. ఏం మాట్లాడలేదు. కాసేపటికి కూలీ అతన్ని పిలిచి గొడ్డలి ఎక్కడుందని అడిగాడు. సాయంత్రం నుంచి సన్నవి ఒక పక్కకి వేరు చేస్తున్నారు. రాత్రి పదకొండు నుంచి మూడు దాకా నేను కూర్చుంటానన్నాను, "లాప్‌టాప్ తెచ్చుకో, ప్లగ్గు ఉంది" అన్నాడు.

ఒకటే అడగమన్నాడు మిమ్మల్ని. మొదటి రోజుకి సుబాబుల్‌ని ఎంత మందం చీల్చాలి? ఎంతసేపటికోసారి వెయ్యాలి?

---

బ్యారన్ అక్క

మణికట్టు మందం. అంతకంటే సన్నగా చీలిస్తే భగ్గున మండి 100 దాటిపోతుంది, ఆకు పచ్చిగా బిగుసుకుంటుంది, అప్పుడు నన్ను తిడతాడు. నాలుగైదు ముక్కలు పక్కపక్కన ఒత్తుగా కాకుండా, గాలి ఆడేట్టు అడ్డం నిలువు వెయ్యి. గంట అని లెక్క పెట్టుకోకు, తర్మామీటరు చూసి రెండు డిగ్రీలు దిగగానే వెయ్యి. గాలి దారి పూర్తిగా మూయొద్దు, రెండు వేళ్ళ సందు ఉంచు. పొగగొట్టం వైపు టార్చి వేసి చూస్తూ ఉండు. తెల్లగా దట్టంగా వస్తే సందు కొంచెం పెంచు.

మీటరు నాన్న గదిలోనే ఉంచు, పొద్దున్న అంకె ఇక్కడ రాయి.